మాంత్రికులా, ఫిరంగులా? కల్పిత సామ్రాజ్యపు సైనిక బలం గురించి ఒక సమాధానం

కావలి నుంచి ఒక యువ రచయిత్రి అడిగిన ప్రశ్న ఇది. ఆమె రాస్తున్న నవలలో తూర్పు తీరాన ఒక పెద్ద సామ్రాజ్యం ఉంది. చక్రవర్తి కొలువులో మూడు వందల మంది మాంత్రికులున్నారు. వారంతా కూడి జపం చేస్తే ఒక్క రాత్రిలో ఎంతటి కోటైనా బూడిదవుతుంది. పడమటి కొండల్లోని పొరుగు రాజ్యానికి మంత్రం తెలియదు గాని, కంచు ఫిరంగులు పోతపోయడం, తుపాకిమందు నూరడం తెలుసు. రాతప్రతి చదివిన స్నేహితులు, మాంత్రికులు అంతటివారైతే ఆ చిన్న రాజ్యం ముప్పయ్యేళ్లుగా ఎలా నిలిచిందని, అది నిలవగలిగితే మాంత్రికుల గొప్పతనం ఏమిటని అడుగుతున్నారట. ఈ ఇద్దరిలో ఎవరు గెలవాలన్నది ఆమె సందేహం.

నాది పాత ప్రకాశం జిల్లా కనిగిరి ప్రాంతం. సైన్యంలో ఇరవై నాలుగేళ్లు ఫిరంగిదళంలో పనిచేసి సుబేదారుగా విరమించాను. అప్పటి నుంచి మన ప్రాంతపు కోటల చరిత్ర చదువుకోవడం, వీలైనప్పుడల్లా వెళ్లి చూసిరావడం నాకు వ్యాపకమయింది. అందుచేత ఈ ప్రశ్నకు నాకు తెలిసినంత వివరంగా చెప్పాలనిపించింది.

అమ్మా, మీరు ముందుగా ఒక విషయం స్థిరపరచుకోవాలి. ఒక ఆయుధం ఎంత నాశనం చేయగలదన్నది సైనిక బలానికి కొలత కాదు. ఆ దెబ్బను రేపు తెల్లవారి మళ్లీ కొట్టగలమా, కొట్టినవాడు చనిపోతే అతని స్థానంలో మరొకడు నిలబడగలడా, వాళ్లందరికీ తిండి, పశువులకు మేత ఎవరు పెడతారు అన్నవే కొలతలు. 1999లో కార్గిల్ యుద్ధంలో మన ఫిరంగిదళం రెండున్నర లక్షలకు పైగా గుండ్లు, రాకెట్లు పేల్చింది. బోఫోర్స్ ఫిరంగి గుండు ఒక్కొక్కటి నలభై కిలోలకు పైబడి ఉంటుంది. ఆ సరుకంతా కొండదారుల వెంట లారీలలో రాత్రింబగళ్లు వచ్చింది గనుకనే శిఖరాల మీది శత్రువు తల ఎత్తలేకపోయాడు.

మా శిక్షణలో ఒక అలవాటు ఉండేది. ఫిరంగి చుట్టూ జట్టు నిలబడి ఉంటుంది. ఒకడు గురి సరిచూస్తాడు, ఒకడు గుండు అందిస్తాడు, ఒకడు మందుసంచి అమరుస్తాడు, అందరికీ పెద్దగా నంబర్ వన్ ఆజ్ఞలిస్తాడు. డ్రిల్ మంచి ఊపులో ఉండగా, శిక్షణ ఇచ్చే ఉస్తాదు ఉన్నట్టుండి "నంబర్ త్రీ చనిపోయాడు" అని కేక వేస్తాడు. ఆ మాట వినగానే నంబర్ త్రీ పక్కకు తప్పుకొని నేల మీద పడుకోవాలి, అతని పని పక్కవాడు అందుకోవాలి, ఫిరంగి ఆగకూడదు. తర్వాత నంబర్ వన్ చనిపోయాడంటాడు. చివరికి ఇద్దరే మిగిలి, ఆయాసంతో ఒగర్చుతూ ఆ ఫిరంగిని నడుపుతుంటారు. ఒక్కొక్కడికి అందరి పనీ వచ్చి ఉండాలన్న ఆ నియమమే ఫిరంగిదళానికి ప్రాణం. మీ మూడు వందల మంది మాంత్రికులలో నూరుగురు విషజ్వరంతో మంచాన పడితే మిగిలిన రెండు వందల మంది మంత్రం పలుకుతుందా? ఈ ప్రశ్నకు మీరు నవలలో ఎక్కడా సమాధానం చెప్పినట్టు లేదు. మీ స్నేహితుల అనుమానం అక్కడే పుట్టింది.

మంత్రశక్తితో యుద్ధం చేయడంలోని కష్టాలు మన భారతంలో ఎంత లోతుగా ఉన్నాయో చూడండి. విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలు తెనిగించిన తిక్కన సోమయాజి మన నెల్లూరులో మనుమసిద్ధి కొలువున ఉన్నవాడు కాబట్టి ఈ మాట మన ఊరి మాటగానే చెబుతున్నాను. కర్ణుడి దగ్గర ఇంద్రుడిచ్చిన శక్తి ఉంది. అది ఒక్కసారే పనికివస్తుంది. అర్జునుడి కోసం దాచుకున్న ఆ ఆయుధాన్ని, పద్నాలుగో నాటి రాత్రి ఘటోత్కచుడు కౌరవసేనను పిండి చేస్తుంటే తన వాళ్ల గోల భరించలేక అతని మీద వేసేస్తాడు. నారాయణాస్త్రం ఇంకా విచిత్రం. ఆయుధాలు కింద పెట్టి రథాలు దిగినవారిని అది ఏమీ చేయదని కృష్ణుడు చెప్పగానే పాండవసేన బతికిపోతుంది. మళ్లీ ప్రయోగించమని దుర్యోధనుడు అడిగితే అది రెండోసారి వీలుకాదని అశ్వత్థామ చెబుతాడు. అదే అశ్వత్థామ చివరికి బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని వేయగలిగాడు గాని వెనక్కు తీసుకోలేకపోయాడు. కర్ణుడికైతే ప్రాణం మీదికి వచ్చిన వేళ గురుశాపం వల్ల మంత్రమే గుర్తురాలేదు.

ఒక్కసారికే పరిమితి, విరుగుడు బయటపడితే నిష్ఫలం, ఉపసంహారం తెలియని ప్రమాదం, మరపు. ఇవి ఒక్కొక్కటీ ఒక్కొక్క అధ్యాయానికి సరిపోయే సరుకు. మీ మాంత్రికులకు వీటిలో కనీసం రెండు బంధాలైనా వేయండి. వెల లేని మంత్రం ఉన్న చోట యుద్ధం ఉండదు, కథా ఉండదు.

సాంకేతిక విద్యకు మంత్రం మీద ఉన్న అసలు ఆధిక్యం నా దృష్టిలో దాని తప్పును కాగితం మీద రాసుకోగలగడం. మొన్నటి వరకు మన నెల్లూరు జిల్లాలో ఉండి 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లిన శ్రీహరికోటనే చూడండి. 1979 ఆగస్టు 10న అక్కడి నుంచి ఎగిరిన మొదటి ఎస్‌ఎల్‌వి-3 రాకెట్ గతి తప్పి సముద్రంలో పడిపోయింది. ఏ భాగంలో ఏ లోపం వచ్చిందో వెతికి, రాసుకొని, దిద్దుకొని 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టారు. ఏడాది తిరగలేదు. కర్ణుడి మరపుకు అటువంటి దిద్దుబాటు లేదు.

అయితే ఇదే గుణంలో ఒక చిక్కు కూడా ఉంది. రాసుకోగలిగినది ఎదుటివాడూ రాసుకోగలడు. 1780లో కంచి దగ్గరి పొల్లిలూరు యుద్ధంలో ఇంగ్లీషువారిని హడలగొట్టిన మైసూరు రాకెట్లు, 1799లో శ్రీరంగపట్టణం పడిపోయాక ఇంగ్లండు చేరాయి. కొద్ది సంవత్సరాలకే కాంగ్రీవ్ అనే ఇంగ్లీషువాడు వాటిని చూసి తన రాకెట్లు తయారుచేశాడు. పట్టుబడిన ఇనుప గొట్టం తన రహస్యాన్ని తానే చెప్పేస్తుంది. పట్టుబడిన మాంత్రికుడి దండం ఏమీ చెప్పదు. కాబట్టి మీ కొండరాజ్యానికి ఫిరంగుల వల్ల వచ్చిన ఆధిక్యం ఒక తరానికి మించి నిలవదని, సామ్రాజ్యపు మాంత్రికుల ఆధిక్యం గురువులు బతికున్నంతవరకు నిలిచి, వారు పోతే ఒక్కసారిగా కూలుతుందని గ్రహించి రాయండి. ఈ రెండు గడియారాలు వేర్వేరు వేగాలతో నడవడమే మీ నవలకు గట్టి బిగువు అవుతుంది.

ఇక ముప్పయ్యేళ్లు ఎవరూ గెలవకపోవడానికి కారణం కావాలంటే మంత్రాలలో కాకుండా నేలలోను, వానలోను వెతకండి.

తుపాకిమందులో సుమారుగా 75 పాళ్లు సురేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం ఉంటాయి. సురేకారం మన పల్లెల్లోనే దొరికేది. పాత గోడల మొదళ్లలోను, పశువుల కొట్టాల నేల మీద తెల్లగా పేరుకొనే ఉప్పుమట్టిని నీళ్లలో నానబెట్టి, వడగట్టి, మరగకాచి చల్లారనిస్తే అది పలుకులుగా దిగుతుంది. బొగ్గు అడవిలో ఉంది. గంధకం మాత్రం దక్కనులో ఎక్కడ తవ్వినా దొరికేది కాదు, ప్రధానంగా ఓడల మీద రావలసిందే. అంటే మీ కొండరాజ్యపు ఫిరంగి మోగాలంటే అందులోని పదో వంతు సరుకు శత్రువైన తీర సామ్రాజ్యపు రేవులోనుంచే రావాలి. పది పాళ్లే కదా అని తీసేయకండి, అది లేకపోతే మందు సరిగా అంటుకోదు.

పాత ప్రకాశం జిల్లాలో ఉండి ఇప్పుడు బాపట్ల జిల్లాలో చేరిన మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన అభయశాసనం ఉంది. తుపానుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును మునుపటి రాజులు బలవంతంగా లాక్కునేవారని, తాను మాత్రం ముప్పయింట ఒక వంతు సుంకం తప్ప మరేమీ తీసుకోనని ఆయన వర్తకులకు మాట ఇచ్చాడు. మీ చక్రవర్తి రేవులోనూ అటువంటి శాసనం ఒకటి నిలబెట్టండి. శాసనాన్ని గౌరవిస్తే గంధకం శత్రువుకు చేరుతుంది. ధిక్కరించి ఆపితే వర్తకులు వేరే రేవు చూసుకుంటారు, ఖజానా ఎండిపోతుంది. ఆ ఇరకాటంలో ఉన్న రేవు అధికారి మీ నవలలో ఇప్పటివరకు లేడు. మూడు వందల మంది మాంత్రికులకన్నా అతను ముఖ్యమైన పాత్ర అని నా అభిప్రాయం.

రెండోది వాన. నెల్లూరు తీరానికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. దీపావళి సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తుంది కాబట్టి టపాకాయలు నెమ్ము ఎక్కకుండా, కాస్త ఎండ కాయగానే మేడ మీద చాపలు పరిచి వాటిని ఆరబెట్టడం మీరూ చూసే ఉంటారు. నెమ్మెక్కిన చిచ్చుబుడ్డి సుయ్యిమని పొగ చిమ్మి ఊరుకుంటుంది. ఫిరంగి మందుకూ అదే గతి. 1757 జూన్ 23న ప్లాసీలో నడి యుద్ధంలో వాన కురిసినప్పుడు ఇంగ్లీషువారు తమ మందును టార్పాలిన్లతో కప్పుకున్నారు. ఎదుటి పక్షమైన బెంగాల్ నవాబు మందు తడిసి అతని ఫిరంగులు మూగబోయాయి. మీ కొండరాజ్యం మార్కాపురం, కనిగిరి వంటి ఎండనేల అయితే మందు అక్కడ బాగా నిలవ ఉంటుంది. దానితో తీరానికి దిగిరావాలంటే వానలకు ముందే రావాలి, ముందే తిరిగి వెళ్లాలి. మాంత్రికుల హోమానికి కావలసిన మూలికలు కొండల్లోనే దొరుకుతాయని మీరు పెట్టుకుంటే, ఇద్దరి గొంతూ ఇద్దరి చేతుల్లో ఉంటుంది. ముప్పయ్యేళ్లకు ఈ కారణం చాలు.

మూడోది ఎడ్లు. 1791 మే నెలలో ఇంగ్లీషు సేనాని కారన్‌వాలిస్ శ్రీరంగపట్టణం పొలిమేరల్లో టిప్పు సైన్యాన్ని ఓడించి కూడా కోటను ముట్టడించలేక, తన పెద్ద ఫిరంగులను తానే ధ్వంసం చేసి వెనక్కు మళ్లాడు. మేత లేక ఎడ్లు చచ్చిపోయాయి, ధాన్యం అయిపోయింది, ఫిరంగులను ఈడ్చే దిక్కు లేకపోయింది. మైసూరువారికి అమృతమహల్ పశువుల మందలు ఉండేవి. ఆ ఎడ్ల నడక చలవతోనే వారి ఫిరంగులు చురుకుగా కదిలేవి. ఒంగోలు గిత్తలు పుట్టిన గడ్డ మీద ఉన్న మనకు ఈ విషయం ఒకరు చెప్పాలా? మీ నవలలో ఫిరంగులు మూడో అధ్యాయంలో కొండమీద ఉండి, నాలుగో అధ్యాయంలో సముద్రపుటొడ్డున ప్రత్యక్షమయ్యాయి. మధ్యలో వాటిని ఎవరో ఒకరు లాగాలి.

ఇప్పుడు నాకు అన్నిటికంటె ఇష్టమైన విషయానికి వస్తాను. మన నెల్లూరు జిల్లా ఉదయగిరి కోటను ఒడిశా రాజులైన గజపతుల చేతిలోనుంచి తీసుకోవడానికి శ్రీకృష్ణదేవరాయలకు సుమారు ఏడాదిన్నర పట్టింది. 1513లో మొదలైన ముట్టడి 1514లో ముగిసింది. గుర్రాల వర్తకం మీద విజయనగరానికి వచ్చిన న్యూనిజ్ అనే పోర్చుగీసువాడు తర్వాత ఇరవై ఏళ్లకు రాసిన దాని ప్రకారం, లోపల పది వేల కాల్బలం, నాలుగు వందల గుర్రాలు ఉన్నాయి. ఆకలితో మాడ్చడం తప్ప ఆ కోటను పట్టే దారి లేదు. పైకి వెళ్లే తోవ ఒక్కటే, అదీ ఒకరి వెనుక ఒకరు నడిచేంత ఇరుకు. రాయలు ఏం చేశాడంటే పెద్ద పెద్ద బండలను పగలగొట్టించి ఆ తోవను వెడల్పు చేయించాడు, ఇంకా అనేక కొత్త దారులు తొలిపించి బురుజుల దగ్గరికి సైన్యాన్ని చేర్చాడు.

ఆ ముట్టడిలో గెలిచిన ఆయుధం ఉలి, సమ్మెట. నా చిన్నతనంలో మా ఊళ్లో బావి తవ్వుతూ బండ పడితే రాతిపనివాళ్లను పిలిపించారు. వాళ్లు బండ మీద గీత గీసి, ఆ గీత వెంట జానెడు దూరానికొకటి చొప్పున గుంతలు తొలిచి, ఇనుప చీలలు నిలబెట్టి వరుసగా ఒక్కొక్కదాని మీద ఒక్కొక్క దెబ్బ వేసుకుంటూ పోయారు. మొదట ఖణేల్‌మని మోగిన చీల కాసేపటికి బొంగురుగా పలకసాగింది. మేస్త్రి చెయ్యెత్తి అందరినీ ఆపి చెవి ఒగ్గి విన్నాడు. లోపల చీలిక నడుస్తోందన్నమాట. తర్వాత రెండే దెబ్బలు, ఇంటి గడపంత బండ రెండుగా విడిపోయింది. ఉదయగిరి కొండ ఎక్కినప్పుడల్లా నాకు ఆ బొంగురు శబ్దమే గుర్తొస్తుంది. 1520లో రాయచూరు ముట్టడిలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది; గోడలోనుంచి పెకలించి తెచ్చిన రాయికి దాని పరిమాణాన్నిబట్టి డబ్బు ఇచ్చారని, పోర్చుగీసు తుపాకివాళ్లు కోట మీది కావలివాళ్లను కొడుతుంటే కింద పనివాళ్లు గునపాలతో గోడను తవ్వారని అదే న్యూనిజ్ రాశాడు.

అందుచేత మీ మాంత్రికుల చేత నిప్పు కురిపించడం తగ్గించండి. ఉదయగిరి వంటి కోట కింద మకాం వేసిన రాజుకు అగ్నివర్షం కన్నా విలువైన మంత్రాలు చాలా ఉన్నాయి. ఒక రోజు ప్రయాణం దూరంలో ఉన్న సేనానితో రెప్పపాటులో మాట్లాడగలిగే మంత్రం, మందుకు నెమ్ము అంటకుండా కాపాడే మంత్రం, బండ లోపల పగులు ఎటు నడుస్తోందో వినగలిగే మంత్రం, శిబిరంలో నీళ్ల విరేచనాలు రాకుండా చెరువును శుద్ధి చేసే మంత్రం. పాతకాలపు ముట్టడులలో కత్తికంటె రోగం ఎక్కువమందిని చంపేది. నలుగురికి నేర్పడానికి వీలైన ఇటువంటి చిన్న విద్యలు తెలిసిన వెయ్యి మంది సాధారణ మాంత్రికులు ఉన్న సామ్రాజ్యం, ప్రళయం సృష్టించగల మూడు వందల మంది మహామాంత్రికులు ఉన్న సామ్రాజ్యాన్ని ఐదేళ్లలో మింగేస్తుందని నేను నమ్ముతున్నాను.

మాంత్రికులను ఎవరు అదుపులో ఉంచుతారన్న విషయం మీరు తాకలేదు. ఒక్క రాత్రిలో కోటను కాల్చగలవాడు చక్రవర్తికి ఎందుకు లోబడి ఉండాలి? రాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెబుతూ కోటలను నమ్మకస్తులైన బ్రాహ్మణుల చేతిలో పెట్టమన్నాడు. సైనిక బలమున్న నాయకులు ఎదురుతిరుగుతారన్న భయం ఆ మాటలో వినిపిస్తుంది. అక్కడే మరొక మాట కూడా ఉంది. దూరదేశాల నుంచి ఏనుగులను, మేలైన గుర్రాలను తెచ్చే వర్తకులకు ఊళ్లు, నగరంలో ఇళ్లు, కొలువులో గౌరవం, మంచి లాభం ఇచ్చి దగ్గర చేసుకో, అప్పుడు ఆ సరుకు శత్రువుకు పోదు అన్నాడు. అంతకు ముందు సాళువ నరసింహరాయలు సముద్రంలో చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపినా బతికున్న గుర్రం ధరే ఇచ్చేవాడట. చచ్చిన గుర్రానికి డబ్బు ఇచ్చిన రాజు పిచ్చివాడు కాడు. నష్టం తన నెత్తిన వేసుకొని వర్తకుణ్ణి మళ్లీ మళ్లీ తన రేవుకే రప్పించుకున్నాడు. మీ చక్రవర్తి మాంత్రికులతో ఎలాంటి ఒప్పందం చేసుకున్నాడో ఒక్క పేజీలో చెబితే, వాళ్లు అతని కొలువులో ఎందుకు ఉన్నారో పాఠకుడికి అర్థమవుతుంది.

కొండరాజ్యంవారిని దేవుణ్ణి, మంత్రాన్ని నమ్మనివారిగా చిత్రించారు. అది అవసరం లేదు. రాకెట్ ఎగరేసే ముందు శాస్త్రవేత్తలు సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికి వెళ్లి దండం పెట్టుకొని వస్తారు. లెక్కలు మాత్రం లెక్కలుగానే చేస్తారు. మా ఫిరంగిదళానికి వేరే ధ్వజం లేదు, ఫిరంగే ధ్వజం. దానికి మొక్కిన చేతులతోనే దాని గొట్టం లోపలి అరుగుదలను కొలిచి పుస్తకంలో రాసేవాళ్లం. మీ ఫిరంగిపోతగాడు కొలిమికి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టనివ్వండి. కరిగిన కంచులో తగరం పాళ్లు ఎంత ఉండాలో కూడా అతనికి తెలిసి ఉండనివ్వండి.

చివరిగా ఎవరు గెలవాలన్న మీ ప్రశ్న. మీరు ఇప్పటికే పెట్టుకున్న నేలనుబట్టి చెప్పాలంటే, మొదటి ఏడాది సామ్రాజ్యం గెలుస్తుంది, ఎందుకంటే మహామంత్రం ఇంకా వాడలేదు, దాని విరుగుడు ఎవరికీ తెలియదు. రెండో కోట దగ్గర కొండవాళ్లు నారాయణాస్త్రం ముందు పాండవులు చేసినట్టు ఏదో ఒక ఉపాయం కనిపెడతారు; జపం జరిగే రాత్రి కోట ఖాళీ చేసి అడవిలోకి వెళ్లిపోయి తెల్లవారి తిరిగి వస్తారనుకుందాం. బూడిదైన గోడల వెనుక కూడా ఫిరంగి పేలుతుంది. అక్కడి నుంచి యుద్ధం సాగదీతగా మారి, చక్రవర్తి రేవు అధికారిని పిలిపించి గంధకం ఓడల గురించి అడిగే ఘట్టం వస్తుంది. మీ నవల అసలు మొదలు అక్కడ అనిపిస్తుంది నాకు. ఇప్పుడున్న మొదటి రెండు అధ్యాయాలు పక్కన పెట్టి, వాన మొదలవుతున్న సాయంత్రం రేవులో సుంకరి ఒక మూట విప్పి పసుపుపచ్చని గంధకపు గడ్డను వాసన చూసే దృశ్యంతో తిరిగి రాసి చూడండి. ఫిరంగి కదలికకు ఎన్ని జతల ఎడ్లు, రోజుకు ఎంత మేత రాయాలన్నది మీ ఫిరంగి బరువు నిర్ణయించుకున్నాక అడగండి, లెక్క కట్టి చెబుతాను.